గుర్రాల ఫ్లూ, గాడిదల దగ్గు: తిరుపతి, చిత్తూరు పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటుక బట్టీల దగ్గర గాడిదలు పెట్టుకున్నవాళ్లు, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు అద్దెకిచ్చేవాళ్లు, కర్ణాటక, తమిళనాడు నుంచి జంతువుల్ని తెచ్చే వ్యాపారులు, కొత్తగా చేరిన పశువైద్య సహాయకులు మళ్లీ మళ్లీ అడిగేవి ఇక్కడ ఉన్నాయి. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. ఎందుకు రాయలేదో మందుల ప్రశ్న దగ్గర చెప్పాం.

గుర్రాలకూ గాడిదలకూ వచ్చే ఫ్లూ అంటే మామూలు జలుబేనా?

కాదు. ఇది ఇన్‌ఫ్లూయెంజా ఎ వైరస్ తెచ్చే జబ్బు. గుర్రం, గాడిద, కంచరగాడిద మూడింటికీ వస్తుంది. 1956లో ప్రాగ్‌లో గుర్తించిన హెచ్7ఎన్7 రకం నాలుగు దశాబ్దాలుగా ఎక్కడా దొరకలేదు. 1963లో అమెరికాలోని మయామీలో బయటపడ్డ హెచ్3ఎన్8 రకమే ఇప్పుడు దేశాలు తిరుగుతోంది.

వైరస్ ముక్కు నుంచి ఊపిరి గొట్టాల దాకా లోపలి పొరను పాడుచేస్తుంది. ఆ పొర మీది సన్నని నూగు మామూలుగా దుమ్మునూ చీమిడినీ పైకి తోస్తుంటుంది. నూగు రాలిపోయాక దుమ్ము, బ్యాక్టీరియా తిన్నగా లోపలికి దిగుతాయి. అందుకే చాలా చావులు నేరుగా ఫ్లూ వల్ల కాక, దాని వెనకాలే వచ్చే న్యుమోనియా వల్ల జరుగుతాయి. బాగా చూసుకున్న పెద్ద గుర్రాల్లో చావులు నూటికి ఒకటి కూడా ఉండవు. పిల్లల్లో, బలహీనమైనవాటిలో, జ్వరంతోనే బరువు మోయించిన గాడిదల్లో లెక్క వేరు.

ఒకదానికి వస్తే మిగతావాటికి ఎన్నాళ్లలో అంటుకుంటుంది?

సోకిన 1 నుంచి 3 రోజుల్లో జ్వరం వస్తుంది. ఆ వెంటనే గొంతులోంచి గట్టిగా, తడి లేని దగ్గు. ముక్కు నుంచి ముందు నీళ్లలా కారి, తర్వాత చిక్కబడుతుంది. టీకా పడని మందలో వారం తిరిగేసరికి దాదాపు అన్నీ దగ్గుతుంటాయి. జబ్బు పడ్డ జంతువు వారం నుంచి 10 రోజుల దాకా వైరస్‌ను వదులుతూనే ఉంటుంది.

దగ్గు తుంపర పదుల మీటర్లు పోతుంది. 2007లో ఆస్ట్రేలియాలో గాలివాటున ఒకటి రెండు కిలోమీటర్లు దాటి అంటుకున్నట్టు తేలింది. కాబట్టి మధ్యలో తడిక కట్టినంత మాత్రాన వేరు చేసినట్టు కాదు.

మన జిల్లాల్లో గుర్రాలే తక్కువ. ఈ జబ్బు ఇక్కడిదాకా ఎందుకొస్తుంది?

ఒకసారి మన పక్కదాకా వచ్చింది. మన దేశంలో 1987లో హెచ్3ఎన్8 పెద్ద ఎత్తున వచ్చి ఉత్తరాదిలో వేలాది గుర్రజాతి జంతువుల్ని పడేసింది. తర్వాత 20 ఏళ్లు పెద్దగా అలికిడి లేదు. 2008 జూన్‌లో జమ్మూ దగ్గర కట్రాలో మళ్లీ మొదలైంది. కట్రా అంటే వైష్ణోదేవి కొండ ఎక్కే యాత్రికుల్ని కంచరగాడిదల మీద, తట్టువుల మీద మోసుకుపోయే ఊరు. వందల జంతువులు ఒకే దారిలో, ఒకే నీటి తొట్ల దగ్గర నిలబడతాయి. వైరస్‌కు అంతకంటే ఏం కావాలి? అదే ఏడాది మైసూరులోనూ వైరస్ దొరికింది. మైసూరు నుంచి చిత్తూరు ఒక్క రాత్రి లారీ ప్రయాణం.

ఆ వైరస్ ఫ్లోరిడా క్లేడ్ 2 అనే వంశానిది. అంతకుముందు చైనా, మంగోలియాల్లో తిరిగినదానికి దగ్గరి చుట్టం. కట్రాదాకా అది ఏ దారిన వచ్చిందన్నది ఒకటి, కట్రా నుంచి మైసూరుకు ఎలా దిగిందన్నది ఇంకొకటి. మనకు పనికొచ్చేది రెండోది. ఎందుకంటే ఇక్కడి దారులూ అలాంటివే. పలమనేరు దాటితే నంగలి, ముళబాగిలు. చిత్తూరు దాటితే వేలూరు. నగరి, పుత్తూరు వైపు నుంచి చెన్నై మూడు గంటలు. బెంగళూరులోనూ చెన్నైలోనూ పందెపు గుర్రాలున్నాయి. పెళ్లిళ్ల కాలంలో అద్దె గుర్రం ఈ వారం ఒక రాష్ట్రంలో, వచ్చే వారం ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. గాడిదల కదలిక ఇంకా ఎక్కువ, లెక్కకు మాత్రం ఎక్కదు. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తమ్మీద గాడిదలు 1.2 లక్షలే. 2012తో పోలిస్తే 60 శాతానికి పైగా తగ్గాయి. దగ్గర్లో దొరకనప్పుడు దూరం నుంచి తెస్తారు. కోస్తా జిల్లాలకు మాంసం కోసం బయటి రాష్ట్రాల గాడిదల్ని దొంగచాటుగా తోలిన ఘటనలూ ఉన్నాయి. రాత్రిపూట కాగితాలు లేకుండా దాటిన బండిలో ఏ జంతువు దగ్గిందో ఎవరూ రాసిపెట్టరు.

అంత కట్టుదిట్టమైన దేశాల్లోకి కూడా ఎలా చొరబడుతోంది?

ఎక్కువగా విమానంలో, చక్కగా కనిపించే గుర్రంలో. టీకా పడిన గుర్రానికి వైరస్ సోకితే పెద్దగా జ్వరం రాదు, దగ్గదు. ముక్కులోంచి మాత్రం కొద్దిరోజులు వైరస్ వస్తుంటుంది. పైకి చూస్తే ఏ తేడా తెలియదు.

ఆస్ట్రేలియా సంగతి ప్రతి పెంపకందారూ తెలుసుకోవాలి. 2007 ఆగస్టు దాకా ఆ దేశంలో ఈ జబ్బు లేదు. ఆ నెలలో జపాన్‌లో ఫ్లూ రేగి అక్కడ గుర్రప్పందేలు ఆపేశారు. అదే సమయంలో జపాన్ నుంచి వచ్చిన గుర్రాలు సిడ్నీ దగ్గర ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రంలో ఉన్నాయి. కొద్దిరోజుల్లో కేంద్రం బయట, గుర్రపుస్వారీ శాలల్లో దగ్గు మొదలైంది. మెయిట్‌లాండ్‌లో జరిగిన ఒక పోటీకి వచ్చిన గుర్రాలు ఇళ్లకు వెళ్తూ జబ్బును ఊరూరా పంచాయి. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల్లో సుమారు 10 వేల చోట్ల జబ్బు పడింది. డిసెంబరు చివరికి గానీ ఆగలేదు. ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) మాజీ న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ విచారణలో తేలింది ఇది: వైరస్ కేంద్రం నుంచి గాలిలో కాకుండా మనిషి మీదో, సామాను మీదో బయటపడి ఉండాలి. లోపలికి వెళ్లినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకోవాలన్న నియమం సరిగా అమలు కాలేదు. గోడ, తాళం, కాపలా అన్నీ ఉన్నాయి. గుర్రాన్ని తాకిన చేతుల్నీ బట్టల్నీ మాత్రం పట్టించుకోలేదు.

రెండో దారి కాలినడక, లారీ. 2018 చివర్లో నైజీరియాలో, 2019 మొదట్లో నైజర్‌లో గాడిదల్లో ఫ్లూ రేగింది. ఇది ఫ్లోరిడా క్లేడ్ 1. పశ్చిమ ఆఫ్రికాలో సంతల వెంట దేశం నుంచి దేశానికి పాకింది. పెద్ద సంఖ్యలో గాడిదలు చచ్చిపోయాయి. అదే 2019 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో పందేలు ఆరు రోజులు ఆగాయి. అక్కడి గుర్రాలకు టీకాలున్నాయి కాబట్టి వారంలో సర్దుకుంది. నైజర్ గాడిదకు టీకా లేదు, సెలవూ లేదు.

గాడిదల్లో లక్షణాలు గుర్రాల్లాగే ఉంటాయా?

జబ్బు అదే, కానీ గాడిద దాన్ని బయటపెట్టదు. గుర్రం మేత మానేసి తల వేలాడేస్తే మొదటి రోజే తెలిసిపోతుంది. గాడిద మాత్రం కాస్త మందకొడిగా, చెవులు పక్కలకు వాల్చి నిలబడి, నోట్లో గడ్డి పెట్టుకుని నమలకుండా ఉంటుంది. "తింటూనే ఉంది కదా" అని బరువు వేసేస్తారు. కింద పడిన గడ్డి ఎంత, మింగింది ఎంత అన్నది చూడండి.

గాడిద మేత మానేయడమే ఒక ప్రమాదం. కడుపులోకి ఏమీ పోకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వరదలా వస్తుంది, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. లావుగా ఉన్నవాటికి, చూలు మీదున్నవాటికి ఇది ఎక్కువ. రక్తం తీసి కాసేపు నిలబెడితే పైకి తేలే నీరు పాలలా తెల్లగా కనిపిస్తుంది. అంతదాకా వచ్చాక బతికేవి తక్కువ. కాబట్టి గాడిద ఒక రోజంతా ఏమీ తినలేదంటే ఆరోజే డాక్టరు చూడాలి. ముక్కుగొట్టం ద్వారా ఆహారం ఎక్కించాల్సి రావచ్చు.

ఇంకొకటి. గాడిదలు జంటగా బతుకుతాయి. జోడీని విడదీస్తే ఆరోగ్యమైనది కూడా మేత మానేస్తుంది. జబ్బు పడ్డదాన్ని వేరు చేసేటప్పుడు దాని జోడీని కూడా దానితోపాటే వేరు చేయండి. ఒకే దొడ్లో ఉన్నవి కాబట్టి దానికి ఎలాగూ సోకే ఉంటుంది.

జ్వరం ఎలా చూడాలి? ఎంత ఉంటే ఫ్లూ అనుకోవాలి?

మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. మనుషులకు వాడేదాన్ని మళ్లీ ఇంట్లోకి తీసుకుపోకండి. వెనక చివరకు దారం కట్టి, దారం రెండో కొసకు బట్టల క్లిప్పు పెట్టి తోకకు తగిలించండి, లేకపోతే లోపలికి జారిపోతుంది. వెనక్కి నిలబడకుండా ఎడమ పక్కన తొడకు ఆనుకుని నిలబడాలి. కొసకు కాస్త వ్యాజలిన్ రాసి, మలద్వారంలో రెండంగుళాలు పెట్టి, పక్క గోడకు ఆనేలా వంచాలి. పేడ మధ్యలో గుచ్చితే తక్కువ చూపిస్తుంది. బీప్ వచ్చేదాకా ఉంచాలి.

గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. గాడిదకు 97 నుంచి 100. ఇక్కడే చాలామంది తప్పుతారు: గుర్రం లెక్కన 101 చూసి గాడిదకు జ్వరం లేదంటారు, నిజానికి అది జ్వరమే. ఫ్లూలో 103 నుంచి 106 దాకా పోతుంది. మన ఎండల్లో మధ్యాహ్నం చూస్తే ఆరోగ్యమైనదానికీ ఒక డిగ్రీ ఎక్కువ కనబడుతుంది. తెల్లవారుజామున, నీడలో, పని పెట్టకముందు చూసి పలకమీదో గోడమీదో రాయండి.

ఫ్లూ, గ్లాండర్స్, స్ట్రాంగిల్స్ తేడా ఇంట్లో చెప్పగలమా?

గ్లాండర్స్, స్ట్రాంగిల్స్ రెండూ గుర్రజాతికి బ్యాక్టీరియా వల్ల వచ్చే అంటుజబ్బులు. ఖాయంగా చెప్పలేం, కానీ అనుమానించవచ్చు. రెండు మూడు రోజుల్లో మందంతా పొడిదగ్గు పట్టుకుంటే ఫ్లూ వైపు మొగ్గండి. దవడ కింద గడ్డలు వాచి, పగిలి చీము కారితే స్ట్రాంగిల్స్. ఒకటి రెండు జంతువులు నెలల తరబడి చిక్కిపోతూ, ముక్కులో పుండ్లు, జిగట చీము, కాళ్ల వెంట తాడులా గడ్డలు ఉంటే గ్లాండర్స్. అది మనుషులకు అంటుకుని ప్రాణం తీయగలదు, మందు వేసి చూద్దాం అనుకునే జబ్బు కాదు. ముక్కు చీమును చేతితో తుడవకండి, చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు వేసుకుని వెంటనే చెప్పండి.

అనుమానం వచ్చిన రోజు మొదట ఏం చేయాలి?

బండ్లు ఆపండి. లోపలికి ఏదీ రాకూడదు, బయటికి ఏదీ పోకూడదు. పెళ్లికి అడ్వాన్సు తీసుకున్నా సరే. తర్వాత అన్నిటికీ జ్వరం చూడండి. జ్వరం ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. గాలి ఎటు వీస్తోందో చూసి, జబ్బువాటిని గాలి దిగువన కట్టండి. బకెట్లు, తాళ్లు, కళ్లేలు, మాలీసు బ్రష్‌లు వేర్వేరుగా ఉంచండి. పనిమనిషి ఒక్కడే ఉంటే ముందు ఆరోగ్యమైనవి చూసి ఆ తర్వాతే జబ్బువాటి దగ్గరికి వెళ్లాలి. తిరిగి రావలసి వస్తే సబ్బుతో చేతులు, మోచేతుల దాకా కడిగి, చొక్కా మార్చుకోవాలి.

ఫోను 1962కు. సంచార పశువైద్య వాహనం ఆ నంబరు మీదే వస్తుంది. తిరుపతి చుట్టుపక్కలవాళ్లకు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఆసుపత్రి ఉంది, కానీ దగ్గుతున్నదాన్ని ఆటోలో ఎక్కించి అక్కడికి తీసుకుపోకుండా ముందు ఫోన్ చేసి అడగండి. ఆసుపత్రి వరండాలో ఇంకో గుర్రం నిలబడి ఉండొచ్చు.

ఏ మందు వేయాలి? కషాయం పోయొచ్చా?

వైరస్‌కు ఇక్కడ వేసే మందు లేదు. జ్వరం, నొప్పి తగ్గించే ఇంజక్షన్లు ఉన్నాయి, కానీ గాడిద ఒంట్లో చాలా మందులు గుర్రంకంటే త్వరగా ఖర్చవుతాయి. మోతాదు, ఎన్ని గంటలకోసారి అన్నది రెండింటికీ ఒకటి కాదు. నీళ్లు తాగని జంతువుకు అవే ఇంజక్షన్లు మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. అందుకే ఇక్కడ అంకెలు రాయలేదు. యాంటీబయాటిక్ మొదటి రోజు నుంచే అక్కర్లేదు. నాలుగైదు రోజులు దాటినా జ్వరం దిగకపోతే, ముక్కు చీము పసుపుగా చిక్కబడితే, శ్వాస ఎగపోస్తుంటే డాక్టరు మొదలుపెడతారు.

వాము, మిరియాల కషాయం గొట్టంతో పోయడం మాత్రం మానండి. దగ్గుతున్న జంతువు తల పైకెత్తి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ న్యుమోనియాకు ఫ్లూ అనే పేరు పడుతుంది. సాంబ్రాణి పొగ, వేపాకు పొగ కూడా వద్దు. పొర ఊడిన గొంతుకు పొగ నిప్పులాంటిది.

మేత సంగతి మందుకంటే ముఖ్యం. మనవైపు వేరుశనగ కట్టె ఎక్కువ. కట్ట విప్పగానే దుమ్ము లేస్తుంది, వానకు తడిసి ఎండినదైతే బూజు కూడా. దాన్ని విదిలించి, పావుగంట నీళ్లలో నానబెట్టి, నీరు కారనిచ్చి, తలకు కింద నేల మీదే పెట్టండి. తల దించి తింటే చీమిడి బయటికి కారుతుంది. గంటల తరబడి తల ఎత్తి కట్టేస్తే అది లోపలే నిలుస్తుంది. తవుడు పొడిగా కాకుండా ముద్దగా కలిపి పెట్టండి. తినని గాడిదకు పచ్చిగడ్డి, అరటి తొక్కలు, బెల్లం నీళ్లు కొద్దికొద్దిగా పెట్టండి. మామూలు నీళ్ల బకెట్ కూడా పక్కనే ఉండాలి.

దగ్గు తగ్గాక ఎప్పుడు పనికి కట్టొచ్చు?

జ్వరం ఉన్న ఒక్కో రోజుకు ఒక వారం సెలవు అన్నది పాత లెక్క. ఎంత తక్కువైనా మూడు వారాలు. గొంతు పొర మళ్లీ నిండుగా పెరగడానికి అంతకాలం పడుతుంది. వారం తిరగ్గానే ఇటుకలు వేసిన గాడిదల్లో దగ్గు నెలల తరబడి నిలిచిపోతుంది. బట్టీ యజమానికి నష్టం కనబడేది అప్పుడే.

దొడ్డి ఎలా శుభ్రం చేయాలి?

ఈ వైరస్ కొవ్వుపొరతో ఉంటుంది, సబ్బుకే చచ్చిపోతుంది. ఎండకు కూడా నిలవదు. నీడలో గట్టి ఉపరితలాల మీద మాత్రం రెండు రోజుల దాకా బతకొచ్చు. ముందు పేడ, గడ్డి ఎత్తేసి, సబ్బునీళ్లతో రుద్ది కడగాలి. మురికి మీద బ్లీచింగ్ చల్లితే క్లోరిన్ అంతా మురికికే ఖర్చయిపోతుంది. తర్వాత లీటరు నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరుకున్న నీటితో తడిపి 10 నిమిషాలు ఉంచండి. కళ్లేలు, ఇనుప గొలుసులు ఆ తర్వాత మంచినీళ్లతో కడగకపోతే తుప్పు పడతాయి. ఫినాయిల్, యాసిడ్ దీనిలో కలపకూడదు. బండి తొట్టి కూడా ఇలాగే కడగాలి, అందరూ మరిచిపోయేది అదే.

నిర్ధారణ పరీక్షకు నమూనా ఎలా తీస్తారు?

జ్వరం మొదలైన మూడు రోజుల్లోపు, పొడుగు స్వాబ్‌ను ముక్కులో కింది దారి వెంట లోతుగా పెట్టి తిప్పి తీస్తారు. ముక్కు అంచున తుడిచింది పనికిరాదు. దాన్ని వైరస్ రవాణా ద్రావణంలో వేసి, ఐసు ప్యాకుల మధ్య పంపాలి. ఇంటి ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఆర్‌టీపీసీఆర్ చేస్తారు. ఆలస్యమైతే రక్తం రెండుసార్లు, రెండు మూడు వారాల తేడాతో తీసి, యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగాయా అని చూస్తారు. మొదటి నమూనా తీయకుండా రెండోది ఒక్కటే పంపితే ఏమీ తేలదు. దేశంలో గుర్రజాతికి ప్రత్యేక సంస్థ హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. నమూనాలు పశుసంవర్ధక శాఖ ద్వారానే పోవాలి.

కర్ణాటక నుంచి కొత్తగా కొన్నదాన్ని ఎన్నాళ్లు వేరుగా ఉంచాలి?

21 రోజులు. సోకి బయటపడటానికి మూడు రోజులు, వైరస్‌ను వదలడం ఆగడానికి 10 రోజులు, మధ్యలో పక్కదానికి అంటితే మళ్లీ అంతే. ఉదయం, సాయంత్రం జ్వరం చూసి రాయండి. కాగితాల విషయం: 1978 జంతువుల రవాణా నియమాల ప్రకారం గుర్రజాతిని బండి ఎక్కించే ముందు, ప్రయాణానికి తగినట్టుంది, అంటువ్యాధి లేదు అని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం ఆరోజు లక్షణాలు లేవని చెబుతుంది, అంతే. అది చూపించి 21 రోజుల్ని కుదించకండి.

టీకా ఉందా? ఎప్పుడు వేయించాలి?

ఉంది. హిసార్ కేంద్రం దేశీయ టీకాను తయారుచేసి, కట్రా వైరస్‌తో దాన్ని కొత్తగా మార్చింది. మొదటి డోసు, నాలుగు నుంచి ఆరు వారాలకు రెండోది, ఐదారు నెలలకు మూడోది. ఆ తర్వాత ఊళ్లు తిరిగే గుర్రాలకు ఆరు నెలలకోసారి, కదలనివాటికి ఏడాదికోసారి. ఆరు నెలల్లోపు పిల్లకు వేస్తే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు దాన్ని పనిచేయనివ్వవు. రెండో డోసు తర్వాత రెండు వారాలకు గానీ రక్షణ రాదు, కాబట్టి ఊళ్లో దగ్గు మొదలయ్యాక వేయిస్తే అది ఈసారికి అందదు. జ్వరంలో ఉన్నదానికి వేయించకండి. మనుషుల ఫ్లూ టీకా దీనికి పనికిరాదు.

ఎవరికి చెప్పాలి? చెబితే చంపేస్తారా?

2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం జాబితాలో ఈ జబ్బు ఉంది. అనుమానం వచ్చిన యజమాని గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలి, వాళ్లు పశువైద్యుడికి చేరవేస్తారు. ఫ్లూకు చంపరు. చంపుతారన్న భయం గ్లాండర్స్ వల్ల వచ్చింది. ఆ భయంతో దాచి, రాత్రికి రాత్రి పక్క జిల్లాకు తోలేస్తేనే జబ్బు పాకుతుంది.

మాకు, మా కుక్కలకు అంటుకుంటుందా? గాడిద పాలు తాగొచ్చా?

గుర్రాల హెచ్3ఎన్8 నుంచి మనుషులు సహజంగా జబ్బు పడ్డట్టు నిర్ధారణ లేదు. 2022లో చైనాలో మనుషులకు వచ్చిన హెచ్3ఎన్8 పక్షులది, వేరేది. కుక్కలకు మాత్రం దాటింది: 2004లో ఫ్లోరిడాలో పందెపు కుక్కల్లో బయటపడి, ఆ తర్వాత కుక్కల్లోనే స్థిరపడింది. దొడ్డికుక్కను జబ్బు జంతువు దగ్గర పడుకోనివ్వకండి.

పాల ద్వారా ఫ్లూ వస్తుందన్న భయం అక్కర్లేదు. కానీ జ్వరంలో ఉన్న గాడిద పాలు పిండకండి, పచ్చిపాలు పసిబిడ్డలకు పట్టకండి. గాడిదను వెంటబెట్టుకుని వీధి వీధికీ పాలు అమ్మేవాళ్లు దగ్గు విన్న రోజు నుంచే తిరగడం ఆపాలి. ఆ ఒక్క గాడిద రోజుకు ఎన్ని దొడ్ల పక్కనుంచి పోతుందో వాళ్లకే బాగా తెలుసు.